ఎండ మడిలో ఏవి? నీడ మడిలో ఏవి?

ప్రశ్న: మాది కాశీబుగ్గ దగ్గర. ఇంటి ముందు కొద్దిపాటి ఖాళీ జాగా ఉంది. అక్కడ రోజంతా ఎండే. ఇంటి వెనుక నాలుగు కొబ్బరి చెట్లు, ఒక పనస చెట్టు ఉన్నాయి. అక్కడ నీడ. రెండు చోట్లా కూరమొక్కలు వేయాలని ఉంది. దేని పక్కన ఏది వేస్తే బాగా కాస్తుంది? మా మామగారికి మూత్రపిండాల జబ్బు ఉన్నదని డాక్టర్లు చెప్పారు. పెరటి కూర కదా అని ఆయనకు అన్నీ పెట్టవచ్చునా?
- ఒక గృహిణి, పలాస

జవాబు: మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. ఒకటి తోటమాలిని అడగవలసింది, రెండోది వైద్యుణ్ణి అడగవలసింది. కాని ఉద్దానంలో ఈ రెంటినీ విడదీయలేము. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస ప్రాంతాలలో మూత్రపిండాల జబ్బు పడని వీధి అరుదు. అందుచేత అక్కడి పెరట్లో ఏ మొక్క వేయాలన్నా, అది ఎవరి కంచంలోకి వెళుతుందో కూడా ఆలోచించాలి. ముందు మడుల సంగతి చూద్దాం.

ఎండను కొలవండి

మొక్క కొనే ముందు ఎండను కొలవాలి. ఇందుకు పరికరం ఏమీ అక్కరలేదు. మబ్బు లేని రోజున ఉదయం 8 గంటలకు, 10 గంటలకు, మధ్యాహ్నం 12, 2, 4 గంటలకు పెరట్లోకి వెళ్ళి, ఎండ పడుతున్న చోటల్లా ఒక్కొక్క పుల్ల గుచ్చండి. సాయంత్రానికి ఎక్కడ ఎన్ని పుల్లలు ఉన్నాయో చూస్తే చాలు. ఆరు గంటలు, అంతకంటే ఎక్కువ ఎండ తగిలేది ఎండ మడి. మూడు, నాలుగు గంటలు తగిలేది సగం నీడ. అంతకంటే తక్కువైతే నీడ మడి.

ఈ లెక్క ఏడాది పొడుగునా ఒకేలా ఉండదు. దక్షిణాయనంలో సూర్యుడు దక్షిణానికి ఒరుగుతాడు. పలాస వంటి చోట డిసెంబరు చివర మధ్యాహ్నం వేళ పదడుగుల గోడ నీడ ఉత్తరానికి తొమ్మిది అడుగుల దాకా పడుతుంది. జూన్‌లో అదే గోడకు మధ్యాహ్నం నీడ దాదాపు ఉండదు. కనుక గోడకు ఉత్తరాన ఉన్న మడి వేసవిలో ఎండ మడి, చలికాలంలో నీడ మడి అవుతుంది. శీతాకాలపు టమాటాను అక్కడ వేసి, కాయ పట్టలేదని విత్తనాన్ని నిందించి ప్రయోజనం లేదు.

ఒక సూత్రం గుర్తుంచుకోండి. కాయ కోసం, పండు కోసం పెంచే మొక్కకు నిండు ఎండ కావాలి. ఆకు కోసం పెంచేది సగం నీడకు ఓర్చుకుంటుంది. దుంప కోసం పెంచే పసుపు, అల్లం, కంద, చేమ చెట్ల నీడలో కూడా బతుకుతాయి.

ఎండ మడికి జతలు

ఒక మొక్క పక్కన ఇంకొకటి వేసేది అందం కోసం మాత్రమే కాదు. ఒకటి నేలకు బలం ఇవ్వాలి, లేదా పురుగును తప్పించాలి, లేదా తడి నిలపాలి. రెండూ ఒకే తిండికి, ఒకే వెలుగుకు పోటీ పడకూడదు.

టమాటా, వంగ మొక్కల మధ్య బంతి వేయండి. బంతి వేళ్ళలో ఉండే ఒక పదార్థం, కూరమొక్కల వేళ్ళకు బుడిపెలు పుట్టించే కంటికి కనిపించని నులిపురుగులను అణచుతుంది. ఇసుక నేలల్లో ఈ నులిపురుగుల బెడద ఎక్కువ. అంతేగాక కాయతొలుచు పురుగు తల్లి రెక్కల పురుగు బంతి పూల మీద గుడ్లు పెట్టడానికి ఇష్టపడుతుంది. అందుకే రైతులు పదహారు సాళ్ళ టమాటాకు ఒక సాలు బంతి వేస్తారు. పెరట్లో నాలుగు మొక్కలకు ఒక బంతి చాలు. ఒక షరతు: టమాటా పూతకు వచ్చేసరికి బంతి కూడా పూతలో ఉండాలి. అందుచేత బంతి నారు మూడు వారాలు ముందుగా పోయండి. గుడ్లు, పురుగులు కనిపించిన పూలను కోసి నాశనం చేయండి. లేకపోతే పురుగును మీరే పెంచినట్లు అవుతుంది.

బెండ సాళ్ళ మధ్య ముల్లంగి వేయవచ్చు. ముల్లంగి నలభై, నలభై అయిదు రోజులలో చేతికి వస్తుంది. అప్పటికి గాని బెండ గుబురు కట్టదు.

మొక్కజొన్న, బొబ్బర్లు, గుమ్మడి మంచి జట్టు. అమెరికా ఖండపు ఆదిమ జాతులు మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి మూడింటినీ ఒకే గుంటలో పెంచేవారు. మొక్కజొన్న కాడ తీగకు ఆధారం. చిక్కుడు జాతి మొక్క వేళ్ళ బుడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని నేలకు చేర్చుతాయి. గుమ్మడి ఆకులు నేలను కప్పి తడి ఆరకుండా కాపాడతాయి. నీళ్ళు పోసిన గంటకే పొడిబారే ఉద్దానం ఇసుకలో ఈ మూడో ఉపకారమే పెద్దది.

బీర, ఆనప, పొట్ల, కాకర పాదులకు పందిరి మడికి ఉత్తరపు వైపున వేయండి. అప్పుడు పందిరి నీడ మిగిలిన మొక్కల మీద పడదు. పందిరి కింద పడే చెదురు నీడను కూడా వదలవద్దు. వేసవిలో ఎండకు మాడిపోయే కొత్తిమీర, పుదీనా అక్కడ హాయిగా పెరుగుతాయి. కొత్తిమీరలో కొంత పూతకు వదిలేస్తే, పేనుబంకను తినే అక్షింతల పురుగులు, ఇతర మిత్ర కీటకాలు ఆ పూలకు వస్తాయి.

జత కూడనివి కూడా ఉన్నాయి. వంగ, టమాటా, మిరప, బంగాళాదుంప ఒకే కుటుంబానివి. ఒకదాని తెగులు ఇంకొకదానికి తేలికగా పాకుతుంది. ఒకే మడిలో ఒకదాని తరువాత ఒకటి వేయవద్దు. మధ్యలో ఒక పంట బొబ్బర్లు గాని, ఆకుకూర గాని వేసి మడికి విశ్రాంతి ఇవ్వండి.

నీడ మడికి జతలు

కొబ్బరి నీడ అన్ని వయసులలో ఒకటి కాదు. నాటిన మొదటి ఎనిమిది ఏళ్ళు చెట్ల మధ్య వెలుతురు పుష్కలం. కూరగాయలు ఏవైనా వేసుకోవచ్చు. ఎనిమిది నుంచి ఇరవై అయిదు ఏళ్ళ వరకు మట్టలు ఒకదానితో ఒకటి కలిసి చిక్కటి నీడ పడుతుంది. అప్పుడు పసుపు, కంద వంటివి మాత్రమే నిలుస్తాయి. ఇరవై అయిదు దాటి చెట్టు పొడుగెక్కాక మళ్ళీ వెలుతురు నేలకు దిగుతుంది. అప్పుడు అల్లం, అనాస, అరటి, మిరియపు తీగ అన్నీ పనికి వస్తాయి.

2018 అక్టోబరు 11న వచ్చిన తిత్లీ తుపాను ఉద్దానంలో లెక్కలేనన్ని కొబ్బరి, జీడిమామిడి, పనస చెట్లను కూల్చింది. తాతల నాటి నీడ మడులు ఒక్క రాత్రిలో ఎండ మడులైనాయి. ఆ తరువాత 2019లో కొత్త మొక్కలు నాటినవారు వాటి మధ్య కూరగాయలు వేసుకునే గడువు సుమారు 2027 దాకా అని లెక్క వేసుకోవాలి. ఆపైన పసుపుకు, కందకు మారాలి.

కొబ్బరి మొదలుకు చుట్టూ ఆరడుగుల లోపల గొప్పు తవ్వవద్దు. చెట్టుకు తిండి తెచ్చే వేళ్ళు ఎక్కువగా అక్కడే ఉంటాయి. ఆ వలయం దాటి మడి కట్టండి. పసుపు, అల్లం తొలకరికి నాటండి. ఎండాకులు, పేడ ఎరువు మందంగా పరచండి. నీరు నిలిస్తే అల్లం దుంప కుళ్ళుతుంది కనుక మడి కాస్త ఎత్తుగా ఉండాలి. కంద మధ్యలో, అంచున వెలుతురు తగిలే చోట తీగ బచ్చలి వేయండి. కంద-బచ్చలి కూర వండుకునే మన వాళ్ళకు ఈ జతను వేరే చెప్పనక్కరలేదు. మిరియపు తీగను, తమలపాకు తీగను కొబ్బరి మొదలుకు గాని, పనస మొదలుకు గాని పాకించవచ్చు.

పనస, జీడిమామిడి చెట్ల కింది నీడ మరీ చిక్కన. అక్కడ కూరగాయల కోసం ఆరాటపడవద్దు. రాలిన ఆకును పోగుచేసి కంపోస్టు గుంటలో వేయండి. జీడిపిక్కల పెంకులు మాత్రం మొక్కల మొదట్లో పోయవద్దు. పెంకులోని నూనె చేతులకు, కాళ్ళకు తగిలితే చర్మం కాలి బొబ్బలెక్కుతుంది.

నీడ మడి ఆరోగ్యం

తడి, నీడ, ఇసుక. ఈ మూడూ కలిసిన చోటు కొంకిపురుగుకు ఇష్టమైన చోటు. ఆరుబయట మలవిసర్జన జరిగే చోట దీని పిల్లలు నేలలో ఉండి, చెప్పులు లేని పాదం చర్మం గుండా శరీరంలోకి దూరుతాయి. పేగులలో చేరి రక్తం పీలుస్తాయి. ఆడవాళ్ళలో, పిల్లలలో రక్తహీనతకు ఇది ఒక ముఖ్య కారణం. కనుక నీడ మడిలోకి చెప్పులు లేకుండా దిగవద్దు. పని అయ్యాక చేతులు, కాళ్ళు సబ్బుతో కడుక్కోండి. ఇంటి గోడకు ఆనించి గుబురు మొక్కలు పెంచవద్దు. రెండు మూడు అడుగుల నేల శుభ్రంగా ఉంచితే పాములు, తేళ్ళు గడప దాకా రావు.

మందు పిచికారీ గురించి ఒక మాట. ఇంటి పెరటికి పొలం మందులు తేవద్దు. వేపగింజలను దంచి, లీటరు నీటికి యాభై గ్రాముల లెక్కన రాత్రంతా నానబెట్టి, వడగట్టి, కొంచెం సబ్బు నీరు కలిపి సాయంత్రం వేళ చల్లండి. పెరటికి ఇది చాలు.

ఇక మీ మామగారి కంచం

ఆరోగ్యవంతుడికి ఆకుకూరలు, కందదుంప, అరటి, కొబ్బరినీళ్ళు అన్నీ మంచివే. వాటిలో పొటాషియం అనే లవణం హెచ్చు. ఒంటికి అవసరమైనంత ఉంచుకుని మిగిలినదానిని మూత్రపిండాలు బయటకు పంపుతాయి. మూత్రపిండాలు దెబ్బ తిన్నవారిలో ఆ పని కుంటుపడుతుంది. పొటాషియం రక్తంలో నిలిచిపోతుంది. అది మితిమీరితే గుండె లయ తప్పుతుంది, ఒక్కొక్కసారి గుండె ఆగిపోతుంది కూడా. ముందుగా నొప్పి గాని, హెచ్చరిక గాని ఉండకపోవచ్చు. అందుచేత అభిమానంతో పెట్టే పెరటి కూర కూడా ఆయనకు హాని చేసే ప్రమాదం ఉంది.

అలాగని జబ్బు మాట విన్నరోజునే ఆకుకూరలన్నీ మాన్పించవద్దు. జబ్బు తొలి దశలో ఉన్నవారికి చాలామందికి పొటాషియం మామూలుగానే ఉంటుంది. వారికి అనవసరపు పథ్యం పెడితే నీరసం తప్ప ఫలం లేదు. రక్తపరీక్షలో పొటాషియం ఎంత ఉన్నదో చూసి, ఎంత తినవచ్చునో డాక్టరు చెప్పాలి. ఈ పరీక్ష ఒకసారి చేయించి ఊరుకుంటే చాలదు. వారు చెప్పిన గడువులలో మళ్ళీ చేయించాలి.

పొటాషియం తగ్గించమని చెప్పినప్పుడు ఇలా చేయండి. మీ ఎండ మడి నుంచి బీర, ఆనప, పొట్ల, దోస వంటివి ఆయనకు ఎక్కువగా వండండి. టమాటా, మునగాకు, తోటకూర, బచ్చలి, కంద, చేమ తగ్గించండి. వండవలసి వస్తే కూరను చెక్కు తీసి, చిన్న ముక్కలు చేసి, ఎక్కువ నీటిలో ఉడికించి, ఆ నీటిని పారబోసి, తరువాత తాలింపు వేయండి. పొటాషియంలో కొంత భాగం ఆ నీటితో పోతుంది. ఆ నీటితో చారు కాచవద్దు, పప్పులో పోయవద్దు. ఉప్పు వేయకుండా ఉడికిస్తే, చల్లారిన నీటిని మొక్కలకే పోయవచ్చు. ఆవిరి మీద ఉడికిస్తే ఈ ప్రయోజనం ఉండదు.

ఇంటికి వచ్చినవారికి కొబ్బరిబొండం కొట్టి ఇవ్వడం ఉద్దానం మర్యాద. పొటాషియం ఎక్కువ ఉన్న రోగి విషయంలో ఆ మర్యాద పాటించవద్దు. ఆవకాయ, ఎండుచేపలు, అప్పడాలలోని ఉప్పు రక్తపోటును పెంచుతుంది. ఉప్పుకు బదులు వాడమని అమ్మే తక్కువ సోడియం ఉప్పులో పొటాషియం కలిపి ఉంటుంది. మూత్రపిండాల రోగి డాక్టరును అడగకుండా దానిని ముట్టుకోకూడదు.

పెంచరాని జతలు

స్టార్ ఫ్రూట్ అనే అయిదు అంచుల పుల్లని కాయ ఉంది. అందంగా ఉంటుందని ఈమధ్య పెరళ్ళలో వేస్తున్నారు. దానిలోని విషపదార్థాన్ని ఆరోగ్యవంతుల మూత్రపిండాలు బయటకు పంపగలవు. రోగికి మాత్రం కొద్దిపాటి కాయ తిన్నా వెక్కిళ్ళు, మతి భ్రమణం, ఫిట్లు వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. ఇంట్లో రోగి ఉంటే ఆ చెట్టు వద్దు.

రెండోది గాడిదగడపాకు. మూడోది ఈశ్వరి తీగ. రెండూ ఒకే జాతి మొక్కలు. పొట్టలో పురుగులకని ఒకదానిని, విషానికి విరుగుడని ఇంకొకదానిని పల్లెలలో వాడుతుంటారు. ఈ జాతి మొక్కలలో అరిస్టలోకిక్ ఆమ్లం ఉంటుంది. అది మూత్రపిండాలను ఎండబెట్టి కుదించివేస్తుంది, మూత్రనాళాలలో కాన్సరు కూడా కలిగిస్తుంది. యూరప్‌లో డాన్యూబ్ నది ఉపనదుల వెంట, బల్గేరియా, రుమేనియా, సెర్బియా, క్రొయేషియా, బోస్నియా గ్రామాలలో ఒక వింత మూత్రపిండాల జబ్బును 1950ల నుంచి వైద్యులు గమనిస్తూ వచ్చారు. కొన్ని ఇళ్ళలో తండ్రికి, కొడుకుకు, కోడలికి వచ్చేది. చివరకు తేలింది ఏమంటే, గోధుమ చేలలో కలుపుగా పెరిగే ఈ జాతి మొక్క గింజలు గోధుమతో కలిసి పిండిలోకి వెళుతున్నాయని. 1990ల తొలి ఏళ్ళలో బెల్జియంలో ఒళ్ళు తగ్గడానికి మూలికా మాత్రలు మింగిన స్త్రీలకు కూడా ఇదే జాతికి చెందిన మొక్క వల్ల మూత్రపిండాలు చెడిపోయాయి.

ఉద్దానం జబ్బుకు ఇదే కారణమని దీని అర్థం కాదు. అక్కడి జబ్బుకు ఫలానా కారణమని ఇంతవరకు తేలలేదు. నీరు, ఎండలో శ్రమ, పురుగుమందులు, నొప్పి మాత్రలు వంటివాటినన్నిటినీ పరిశోధకులు పరిశీలిస్తూనే ఉన్నారు. కారణం తేలేలోగా మనకు తెలిసిన ప్రమాదాలనైనా ఇంటికి దూరంగా ఉంచుకోవాలి. కలుపుగా వచ్చిన ఈ మొక్కలను పీకివేయండి. పేరు తెలియని పసరు ఎవరు ఇచ్చినా తాగవద్దు.

మడిలో పని చేసేవారికి

తోటపని ఉదయం 9 గంటల లోపు, సాయంత్రం 4 దాటాక పెట్టుకోండి. మధ్యాహ్నపు ఎండలో చెమట ఓడ్చి, నీరు తాగక, ఒళ్ళు నొప్పులకు ఒక మాత్ర మింగడం మూత్రపిండాలకు రెట్టింపు దెబ్బ. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలు సొంతంగా వాడవద్దు. ఆరోగ్యవంతులు దాహం వేయకముందే మంచినీళ్ళు తాగుతూ ఉండాలి. రోగులు మాత్రం డాక్టరు చెప్పిన కొలతలోనే తాగాలి.

ఉద్దానంలో కనిపించే జబ్బు చాలాకాలం చప్పుడు చేయదు. ఒళ్ళు ఉబ్బదు. మూత్రంలో ఆల్బుమిన్ కూడా అంతగా కనిపించకపోవచ్చు. కనుక మూత్రపరీక్ష ఒక్కటే చాలదు. పెద్దవాళ్ళందరూ ఏడాదికి ఒకసారి రక్తంలో క్రియాటినిన్ పరీక్ష చేయించుకోవాలి. పలాసలో 200 పడకల మూత్రపిండాల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరు 14న ప్రారంభమైనాయి. హిరమండలం జలాశయం నుంచి ఉద్దానానికి తాగునీరు తెచ్చే పథకం కూడా ఆ రోజే ప్రారంభమైంది. మీ మామగారితోబాటు మీరు, మీవారు కూడా పరీక్ష చేయించుకోండి. ఒకే ఇంటి నీరు, ఒకే ఇంటి తిండి కదా.

మరికొన్ని సందేహాలు

ప్రశ్న: కొబ్బరి నీడలో బంతి వేశాను. ఆకు గుబురుగా ఉంది, పూయడం లేదు. ఏమి ఎరువు వేయాలి?
- మందస

జవాబు: ఎరువు లోపం కాదు, ఎండ లోపం. బంతికి కనీసం అయిదారు గంటల ఎండ కావాలి. దానిని ఎండ మడికి మార్చి, ఆ చోట పసుపు వేయండి.

ప్రశ్న: బట్టలు ఉతికిన నీటిని కూరమొక్కలకు పోయవచ్చునా? నీటి కరువు.
- సోంపేట

జవాబు: బియ్యం, కూరలు కడిగిన నీరు నిశ్చింతగా పోయండి. సబ్బుపొడి నీటిలోని లవణాలు నేలను చెడగొడతాయి. ఆకుకూరలకు, దుంపలకు అది వద్దు. రెండోసారి జాడించిన నీటిని పెద్ద చెట్ల మొదట్లో మార్చి మార్చి పోయవచ్చు. నీరు ఆదా కావాలంటే మొక్కల చుట్టూ కొబ్బరి డొక్కలను గుంట వైపు పైకి ఉండేలా నేలలో పాతండి. పీచు తడిని పట్టి ఉంచుతుంది.

ప్రశ్న: మడి చుట్టూ తులసి, నిమ్మగడ్డి పెంచితే దోమలు రావంటారు. నిజమేనా?
- టెక్కలి

జవాబు: ఆ ఆకులను నలిపినప్పుడు వచ్చే నూనె వాసన దోమకు గిట్టదు. ఊరికే పెరిగే మొక్క దోమను ఆపలేదు. తులసిని పెంచండి, కాని దాని మీద భారం వేయవద్దు. డెంగీ దోమ కొబ్బరి చిప్పలో నిలిచిన గుక్కెడు నీటిలో కూడా గుడ్లు పెడుతుంది. వారం, పది రోజులలో అవి దోమలవుతాయి. కనుక వారానికి ఒక రోజు, ఆదివారమో, శుక్రవారమో పెట్టుకుని పెరడంతా తిరగండి. చిప్పలు బోర్లించండి, కుండీల కింది పళ్ళాలలోని నీరు ఒంపేయండి, తొట్టి ఖాళీ చేసి, తోమి ఆరబెట్టండి.